బతికున్న మనిషికి పటం

కిందటి నెల విశాఖపట్నంలో నా బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు ఒక కాలేజీ అమ్మాయి గోడ పొడుగునా తిరిగి అన్నీ చూసి, చివరికి నా దగ్గరకొచ్చింది. "మేడమ్, అన్నీ వలస వెళ్ళినవాళ్ళ ముఖాలే కదా, ఒక్కదానికీ ఫ్రేము కట్టించలేదేం? అద్దం కూడా లేదు. దీని వెనక ఏదైనా సిద్ధాంతం ఉందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఒక పెద్దమనిషి నా బదులు జవాబు చెప్పేశాడు. వలస బతుకు ఏ చట్రంలోనూ ఇమడదట, అందుకని నేను కావాలనే అలా వదిలేశానట. అంత అందంగా చెప్పిన మనిషిని కాదనడం ఎందుకని తలూపాను. నిజానికి సిద్ధాంతమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఉన్నది భయం. పటాలు కట్టే దుకాణం ఎదురైతే ఇప్పటికీ నేను రోడ్డుకి అవతలి పక్కకు మారిపోతాను. వార్నిష్ వాసన తగిలిందంటే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. ఆ పిల్లకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది నౌపడ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చేపలవాళ్ళ పేట. ఒక పక్క ఉప్పుమళ్ళు, ఇంకో పక్క సముద్రం. ఏ పక్క నుంచి గాలి వీచినా ఉప్పే. తలుపు బందులు తుప్పుపట్టి మూలిగేవి, ఉతికిన బట్టలు ఆరినా చెమ్మగానే ఉండేవి, వాకిట్లో ఎండేసిన చేపల వాసన మా పుస్తకాలకీ జడలకీ కూడా పట్టేది. బడిలో ఊరి పిల్లలు ముక్కు మూసుకుంటే వాళ్ళ ముక్కు మీద ఒకటి పెట్టొచ్చేదాన్ని. మా పేటలో మగాళ్ళు ముందు గుజరాత్ బోట్ల మీదకి వెళ్ళేవారు. తర్వాత ఏజెంట్లు వచ్చి గల్ఫ్ దారి చూపించారు. అక్కడ ఏ దేశానికి వెళ్ళినా మా వాళ్ళకి అది దుబాయే. మా నాన్న ఎర్రయ్య కూడా ఆ దుబాయిలోనే ఎవరో అరబ్బు షావుకారు బోటు మీద వలలు లాగేవాడు. ఇంట్లో నేనూ, అమ్మా, నడక నేర్చి మాటలు నేరుస్తున్న తమ్ముడు బుజ్జిగాడూ, మా అందరి నెత్తినా మామ్మా.

మామ్మ అంటే నాన్న తల్లి. తెల్లారేసరికి చోడి అంబలి తాగి, అడ్డచుట్ట వెలిగించి, నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని, చేపల గంప నెత్తికెత్తుకుని టెక్కలి బయలుదేరేది. నోట్లో నిప్పు ఉన్నా మాట ఆగేది కాదు. ఆ పొగకి ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉండేవి. తెలియనివాళ్ళు ఏడుస్తోందనుకునేవారు. మామ్మ ఏడవడం నేను చూసింది తక్కువ. తిట్టడం మాత్రం రోజూ చూసేదాన్ని.

మా ఇంట్లో ఫోను కిటికీ ఊచకి పాలిథిన్ సంచిలో వేలాడుతూ ఉండేది. సిగ్నలు అక్కడే దొరికేది. శుక్రవారం నాన్నకి సెలవు, ఆ రోజు సాయంత్రం ఫోను చేసేవాడు. అమ్మ ఆ పూట తల దువ్వుకుని, మొహం కడుక్కుని కిటికీ దగ్గర నిలబడేది, అవతలి మనిషికి కనబడుతున్నట్టే. మామ్మ మాత్రం దుబాయి దాకా వినబడాలని అరిచేది. మాట్లాడడం అయ్యాక బుజ్జిగాడిని ఎత్తుకుని "నాన్న ఏడ్రా?" అంటే వాడు వేలు చూపించేది ఆ సంచినే. వాడికి తండ్రంటే కిటికీకి వేలాడే ఒక సంచి. అంతకుముందు నాన్న సెలవుకి వచ్చినప్పుడు ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడ్చి మామ్మ చీరలో దూరిపోయాడు. నాన్న నవ్వేశాడు కానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. అది నా కళ్ళలో ఉండిపోయింది. వీడికి నాన్న ముఖం నేర్పాలని నేనే అనుకున్నాను.

అప్పుడు నాది పదో తరగతి. నాన్న పాస్‌పోర్టుకి దిగిన ఫొటోల్లో మిగిలిన ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో ఉండేది. దాని మీద సన్నగా గళ్ళు గీసి, చార్టు మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడి తర్వాత గడి నింపుకుంటూ నాన్నని పెద్దవాణ్ణి చేశాను. పొయ్యి బొగ్గుతో జుట్టు, బడి రంగులతో మిగతాది. ఆ ఫొటోలో ఉన్న నీలం చొక్కా నాన్నది కాదు, స్టూడియోవాడిది. పాస్‌పోర్టు ఫొటోకి వెళ్ళిన ప్రతివాడికీ అదే తొడిగేవాడు. మా పేట మగాళ్ళందరూ ఆ ఒక్క చొక్కాతోనే దేశాలు దాటారు. నవ్వొద్దని కూడా స్టూడియోవాడే చెప్పి ఉంటాడు. ఎప్పుడూ ఇకిలించే మా నాన్న అందులో దొంగతనం అంటగట్టినవాడిలా బిగుసుకుని ఉన్నాడు. నేను అలాగే దించాను. పోలిక కుదిరింది. బుజ్జిగాడికి చూపించి "నాన్న" అంటే, వాడు దాన్ని చూసి సంచిని చూసి ఆలోచనలో పడ్డాడు.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. బతికున్నవాళ్ళు పదిమందితో కలిసి ఫొటోల్లో ఉంటారు, పెళ్ళి ఫొటోలో, తీర్థం ఫొటోలో. ఒక్క మనిషి ఒంటరిగా, పెద్దగా, అద్దం వెనక గోడ మీదకి ఎక్కాడంటే ఆ మనిషి పోయినట్టే. అమ్మకి ఆ గుబులు ముందే ఉంది. "కాయితం లాగే ఉంచు, పటం వొద్దు" అంది. మామ్మ బొమ్మని తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. "ఉప్పుగాలికి కాయితం ఎన్నాళ్ళుంటాదే? నా కొడుకు మొకం సెమ్మకి కరిగిపోవాలేటి? అద్దం యేయిత్తాను. గోడకి పెట్టొద్దు, గూట్లో పెడదాం. ఏటీ కాదు" అని చార్టు చుట్టి, ఖాళీ సంచిలో పెట్టుకుని, గంపతోపాటు టెక్కలి తీసుకుపోయింది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఎండలో మామ్మ గంప దించింది. అడుగున దినపత్రిక చుట్టిన పటం. బేరం తొందరలో దుకాణంలో విప్పి చూసుకోలేదట. పక్కింటివాళ్ళు కూడా చూడ్డానికి మూగారు. దారం తెంపి, కాగితం తీసింది మామ్మ. నాన్న ముఖం మీద, నడి నుదుట, అద్దానికి ఎర్రటి బొట్టు. మెడ చుట్టూ గంధపు చెక్క దండ. ఫ్రేము పైన చిన్న ఎర్ర బల్బు, దానికి వైరు కూడా చుట్టి ఉంది.

వార్నిష్ వాసన, గంధం వాసన కలిసి మా చేపల వాకిలంతా నిండాయి. అమ్మ చెయ్యి తనంతట తానే పుస్తెల మీదకి పోయింది. నేను అమ్మని చూడలేక నాన్నని చూశాను. నేను గీసిన కళ్ళే అవి, ఎన్నోసార్లు చెరిపి దిద్దినవి, కానీ ఆ బొట్టు కింద అవి చూడడం మానేసిన కళ్ళలా ఉన్నాయి. పక్కింటి పైడమ్మత్త "ఓలమ్మో, ఇదేటి అప్పా" అని వెనక్కి జరిగింది. మామ్మ దండని రెండు చేతులతో పీకేసి, కొంగుతో బొట్టు తుడిచింది. బొట్టు పోయింది కానీ అద్దం మీద ఎర్రటి మరక ఉండిపోయింది. "ఏటీ నేదు, ఏటీ నేదు, ఆ పటాల కొట్టు కోమటాయన బుద్ది గడ్డి తిన్నాది" అంటూనే ఉంది.

ఆ శుక్రవారం ఫోను రాలేదు.

సముద్రం మీద ఉన్నాడేమో అనుకున్నాం. ఆ తర్వాతి శుక్రవారం కూడా రాలేదు. మేం చేస్తే అరబ్బీలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పి ఆగిపోయేది. మామ్మ ఆ గొంతుతో దెబ్బలాడేది. "ఎవులే నువ్వు? మా వోడికియ్యి ఫోను. తల్లిని మాటాడతన్నాను" అని అరిచేది. మరో రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. అప్పుడు మామ్మ పక్కన నిలబడి నా గోళ్ళు కొరుక్కునేదాన్ని. ఏజెంటు నంబరు పనిచెయ్యడం మానేసింది. నెల గడిచింది, ఇంకో నెల కూడా.

పటం ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. గోడకి పెడితే పోయినవాడవుతాడు. పగలగొడితే మన చేత్తో మనం చంపినట్టు. సముద్రంలో వేద్దామంటే మామ్మ "గంగమ్మకి నా కొడుకుని నేనే ఇచ్చేత్తానేటి!" అని కయ్యిమంది. చివరికి బియ్యం డబ్బా వెనక, ముఖం గోడవైపు తిప్పి పెట్టారు. అటువైపు మేం ఎవరం కాళ్ళు చాపి పడుకునేవాళ్ళం కాదు. బియ్యం తీయడానికి వంగిన ప్రతిసారీ అమ్మ కళ్ళు మూసుకునేది. బయటికి వెళ్తే ఆడవాళ్ళ చూపులు ముందు అమ్మ నుదుటి మీద వాలి, తర్వాతే పలకరింపు వచ్చేది. అమ్మ బొట్టు రోజురోజుకీ పెద్దదవుతూ వచ్చింది. నా భయం వేరు. బొట్టు పెట్టింది దుకాణంవాడే అయినా, ఒంటరిగా, పెద్దగా గీసింది నేను. ఫొటోలో నవ్వని నాన్నని నేనైనా నవ్వించి ఉండాల్సిందని, అప్పుడు ఎవరూ పొరబడేవారు కాదని అనిపించేది. పెన్సిలు ముట్టుకోవడమే మానేశాను.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో అలికిడి లేదు. అమ్మ నీళ్ళకి వెళ్ళింది. మామ్మ చూరు కింద కునుకు తీస్తోంది. లోపలికి వెళ్తే బుజ్జిగాడు బియ్యం డబ్బా వెనకనుంచి పటాన్ని లాక్కొచ్చి, ఇటు తిప్పి గోడకి ఆనించి, దాని ముందు కూర్చున్నాడు. పళ్ళెంలో అన్నం కలిపి, ముద్ద ముద్దగా నాన్న నోటికి పెడుతున్నాడు. అద్దమంతా మెతుకులు. నన్ను చూసి, ఎంత సంతోషమో వాడికి, "నాన్న" అన్నాడు. నేర్పాలనుకున్నది నేర్చుకున్నాడు. పెదకర్మ రోజు పటం ముందు పెట్టే ముద్ద గుర్తొచ్చి నేను పెట్టిన కేకకి మామ్మ లేచొచ్చింది. చూసింది, వాడి వీపు మీద ఒక్కటి చరిచింది, వాణ్ణే గుండెకి హత్తుకుని కూలబడింది. "నా బాబే, ఈడికేటి తెలుసు, ఈడికేటి తెలుసు" అంటూ ఏడ్చింది. అది చుట్ట పొగ తెచ్చిన నీరు కాదు.

మర్నాడు మామ్మ పటాన్ని గోనెసంచిలో పెట్టి, నన్ను వెంటబెట్టుకుని టెక్కలి వెళ్ళింది. దుకాణం నిండా దేవుళ్ళు, మధ్య మధ్య చనిపోయినవాళ్ళు. దుకాణదారు నెమ్మదైన మనిషి, నుదుట నామం, చేతిలో మేకుల డబ్బా. మామ్మ సంచి విప్పి పటం ఆయన బల్ల మీద పెట్టింది.

"ఏటి బాబూ, బతికున్న నా కొడుక్కి దండేసినావు? నీకు నేనేటి అన్యాయం సేసినాను?"

ఆయన ముఖంలో నెత్తురు లేదు. "బతికున్నాడా?" అన్నాడు. "అమ్మా, నువ్వొచ్చి 'నా కొడుకు బాబూ, బేగి కావాల' అన్నావు. నీ కళ్ళంట నీళ్ళు. మీ పేటనుంచి ఒక్క మనిషి పటం వచ్చిందంటే అది పెదకర్మకే కదమ్మా వస్తాది? ఆ రోజుకి అందాలని మిగతా పనులాపి కట్టాను. దండ, బల్బు నా తరపున వేశాను. ముసలి తల్లి కదా అని."

మామ్మ తిట్టడానికే వచ్చింది. ఎదుటి మనిషి కూడా భయపడిపోయేసరికి ఆమెకి తిట్లు దొరకలేదు. ఆయన పటానికి దండం పెట్టి, బల్బు ఊడదీసి, మరక గీకి, ఇంక ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇది నా దుకాణంలో వదిలెయ్యకమ్మా, నీకు దండం పెడతాను" అన్నాడు. అప్పుడు మామ్మ గోడలకున్న పటాలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక మూల ఎవరిదో షష్టిపూర్తి ఫొటో ఉంది, పిల్లాపాపలతో.

"ఇల్లు నిండా మనుసులుంటే దానికి దండెయ్యవు కదా?"

"ఎందుకేస్తానమ్మా?"

"అయితే అద్దం తియ్యి" అంది మామ్మ. బొమ్మ బయటికి వచ్చాక దాన్ని నా చేతికిచ్చింది. "ఒసే పారోతీ, ఆడి పక్కన జాగా ఉన్నాది. నన్ను గియ్యి. మీ అమ్మని, గుంటడిని, నిన్ను గియ్యి. ఆడొక్కడే ఉండకూడదు."

ఇంటికొచ్చి మామ్మ ఉతికిన చీర కట్టుకుని, పీట మీద కూర్చుంది. అమ్మ వద్దంది. "అత్తా, అది మంచి పటం కాదు. ఎవులూ అందులోకి ఎల్లొద్దు" అని ఏడ్చింది. "ఆడున్న కాడికి నేనెల్తన్నాను. నీకు బయ్యమైతే తర్వాత రా" అంది మామ్మ. చుట్ట పక్కన పెట్టేసి, మెడ నిలబెట్టి, ఊపిరి బిగబట్టింది. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గియ్యడం నాకు అదే మొదలు. గీత తప్పితే మామ్మకి ఏమవుతుందోనని ప్రతి గీతనీ ముందు గాల్లో గీసి చూసుకునేదాన్ని. మామ్మకి కూడా భయమే. కాలి బొటనవేలు నేలని గీరుతూనే ఉంది. నాన్న భుజానికి తన భుజం ఆనేలా గియ్యమంది. రెండో రోజు అమ్మ తనే వచ్చి మామ్మ పక్కన పీట వేసుకుంది, బుజ్జిగాడిని ఒళ్ళో పెట్టుకుని. నన్ను నేను అద్దంలో చూసుకుని చివర గీసుకున్నాను. ఆ బొమ్మకి మళ్ళీ అద్దం వేయించలేదు. అప్పటినుంచి నా బొమ్మల్లో దేనికీ వేయించలేదు.

ఇప్పుడు మా పేటలో ఏ పిల్లాడూ తండ్రిని సంచిలో వెతుక్కోడు. వీడియోలో తండ్రి తింటాడు, తుమ్ముతాడు, పిల్లల లెక్కలు దిద్దుతాడు. ఒక్కరోజు పలక్కపోతే సందేశాల మీద సందేశాలు. మంచిదే. మా అమ్మ పడ్డ శుక్రవారాలు ఎవరికీ వద్దు. కానీ నేను వాళ్ళ ముఖాలు గియ్యడానికి కూర్చుంటే, ఆ ఫోన్లలో నవ్వే మగాళ్ళే నా ఎదురుగా బిగుసుకుపోతారు. ఏ చొక్కా వేసుకోమంటారని అడుగుతారు. నవ్వొచ్చా అని అడుగుతారు. పరాయి దేశంలో మనిషిని నిలబెట్టి నువ్వెవరని అడిగే కెమెరా ఒకటి ఉంటుందని, అది ఒంట్లోంచి తేలిగ్గా పోదని నాకు తెలుసు. ఎలా తెలుసంటే మా నాన్న వల్ల.

ఆ బొమ్మ గీసిన ఏడే, ఎండాకాలం ముందు పక్క పేట మనిషి ఒకడు గల్ఫ్ నుంచి వచ్చి కబురు చెప్పాడు. షావుకారు నాన్న కాగితాలు దగ్గర పెట్టుకుని తిప్పి ఇవ్వలేదట, రేవులో పోలీసులు అడిగితే చూపించడానికి ఏమీ లేక జైల్లో వేశారట. బతికే ఉన్నాడన్న మాట విని అమ్మ నేల మీద పడి మొక్కింది. ఆ తర్వాత ఎన్నాళ్ళకో నాన్న వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ సంచితో, మాసిన గడ్డంతో, సగం మనిషై. బుజ్జిగాడు దూరిపోలేదు. దగ్గరికి వెళ్ళి, పైకీ కిందకీ చూసి, "నాన్న" అన్నాడు. మామ్మ గూట్లోంచి బొమ్మ తెచ్చి చూపిస్తే నాన్న చాలాసేపు చూశాడు. "అమ్మ బాగున్నాది. ఈడెవుడే, నీలం సొక్కావోడు?" అని అడిగాడు. అందరం నవ్వాం. నాన్న వేళాకోళానికే అన్నాడనుకున్నాం.

నాలుగు ముద్దలు ఒంటపట్టాక ఒక ఉదయం వాకిట్లో "నానా, ఈసారి నిన్ను సూసి గీస్తాను" అన్నాను. సరే అని లేచి, వెళ్ళి గోడకి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. రెండు చేతులూ రొమ్ము దాకా ఎత్తి, ఏదో అంచులు పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచాడు.

"సేతులేటి నానా అలగెట్టినావు?"

"పలక పట్టుకోవాల కదే" అన్నాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "పేరు, నెంబరు రాసిన పలక. అక్కడ నిలబెట్టి అలగే తీసీవోరు. ముందు ఎదురుగుండా, తర్వాత పక్కకి."

"ఇక్కడ పలక నేదు నానా. కూకో."

తన చేతులు తనే చూసుకుని, సిగ్గుపడినట్టు నవ్వి దించేశాడు. అరుగు మీద కూర్చున్నాడు. నేను పెన్సిలు తీసి ఆయన ముఖంలోకి చూశాను. చూడగానే చేతులు మళ్ళీ లేచాయి, నెమ్మదిగా. నేనేమీ చెప్పకుండానే ముఖం పక్కకి తిప్పి, గోడని చూస్తూ కదలకుండా ఉండిపోయాడు. నాకు భయం వేసింది. దినపత్రిక విప్పిన మధ్యాహ్నం వేసిన భయం కన్నా పెద్దది. అప్పుడు నాన్న దూరంగా ఉన్నాడు, వస్తే చాలనుకున్నాం. ఇప్పుడు చెయ్యి చాస్తే అందేటంత దగ్గర ఉన్నాడు.

"ఏటే, అయిపోనాదేటి బొమ్మ?" అని మామ్మ లోపలినుంచి కేకేసింది. పెన్సిలు ఒళ్ళో పడిపోయింది.

కాసేపటికి నాన్న, తల తిప్పకుండానే, నన్ను అడిగాడు.

"ఇంక ఇటు తిరగొచ్చేటి?"